మేడ మీద ఒక డిష్షు, కింద నాలుగు టీవీలు

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనే కాదు, మండల కేంద్రంలోని ఎలక్ట్రికల్ షాపులో అడిగినా స్ప్లిట్టర్ దొరుకుతుంది. అరచేతిలో ఇమిడే చిన్న లోహపు డబ్బా. ఒక వైపు ఒక మూతి, రెండో వైపు రెండు మూతులు. డిష్ నుంచి దిగిన కేబుల్‌ను ఇటు బిగించి, హాల్లో సెట్‌టాప్ బాక్సుకొకటి, పడగ్గదిలో బాక్సుకొకటి అటు బిగిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. రెండు టీవీల్లోనూ బొమ్మ వస్తుంది కూడా. సాయంత్రం హాల్లో సీరియల్ రక్తి కట్టే వేళకు పడగ్గదిలో ఎవరో క్రికెట్ పెడతారు. సీరియల్ ఠక్కున ఆగిపోయి, తెర మీద ‘సిగ్నల్ లేదు’ అన్న ముక్క మిగులుతుంది. క్రికెట్ మాత్రం నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. పడగ్గదిలో క్రికెట్ తీసి వార్తలు పెట్టగానే హాల్లో సీరియల్ మళ్లీ ప్రత్యక్షం.

ఇంటిల్లిపాదీ చెప్పే కారణం ఒకటే: ఉన్న కాస్త సిగ్నల్‌నూ ఇద్దరికి పంచాం, చాలడం లేదు. షాపువాడూ అదే అంటాడు, ఒక బూస్టర్ చేతిలో పెడతాడు. బూస్టర్ బిగించినా సీరియల్‌కు పట్టిన గతి మారదు.

నిజంగానే సిగ్నల్ చాలడం లేదేమో లెక్క కట్టి చూద్దాం. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి మన 60 సెంటీమీటర్ల డిష్‌లో పడేది, ఒక ట్రాన్స్‌పాండర్‌కు (ఉపగ్రహంలో ఒక చానళ్ల గుత్తిని పంపే పరికరానికి) సుమారు ఒకటిన్నర పికోవాట్లు. పికోవాట్ అంటే వాట్‌లో లక్ష కోట్లో వంతు. డిష్ ముందు కొమ్మకు తగిలించి ఉన్న ఎల్‌ఎన్‌బి దీన్ని మూడు లక్షల రెట్లు పెంచుతుంది, అంటే సుమారు అర మైక్రోవాట్ అవుతుంది. ఇక నష్టాలు. టీవీ పనుల్లో నష్టాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు: 3 డెసిబెల్స్ పోతే సగం మిగిలినట్టు, 10 పోతే పదో వంతు. మనం వాడే ఆర్‌జీ-6 కేబుల్‌లో 30 మీటర్ల దూరానికి పోయేది, పై ఫ్రీక్వెన్సీల దగ్గర, 9 డెసిబెల్స్ దాకా. స్ప్లిట్టర్ మరో 4 మింగుతుంది. ఇవన్నీ పోయాక కూడా బాక్సు పనిచేయడానికి కావలసిన కనీసం కంటే కొన్ని పదుల రెట్లు ఎక్కువే చేరుతుంది.

కాబట్టి పంపకంలో సిగ్నల్ చాలకపోవడం అనేది జరగలేదు. సీరియల్ ఆగిపోవడానికి కారణం వేరే ఉంది. కేబుల్‌లో కిందికి బొమ్మ దిగుతుంది, సరే. అదే కేబుల్‌లో పైకి ఆజ్ఞలు వెళతాయి. తగాదా ఆ ఆజ్ఞల దగ్గర.

ఆజ్ఞల అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కేబుల్‌లో ఉన్న చోటు ఎంతో చూడాలి. ఇళ్లకు నేరుగా ప్రసారం చేసే కేయూ బ్యాండ్ ఉపగ్రహాలు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ వరకు వాడుకోవచ్చు. అంటే 2,050 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలువుగా ఊగే తరంగం ఒకటి, అడ్డంగా ఊగే తరంగం ఒకటి వేర్వేరు చానళ్లను మోయగలవు (ఈ ఊగే దిశనే పోలరైజేషన్ అంటారు). కనుక మొత్తం సరుకు 4,100 మెగాహెర్ట్జ్. ఇక మోసే బండి సంగతి. 12 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఉన్నదున్నట్టు మామూలు కేబుల్‌లోకి పంపితే కొద్ది మీటర్లలోనే నీరసించిపోతుంది. అందుకని ఎల్‌ఎన్‌బి తనలో పుట్టించుకున్న స్థిరమైన ఫ్రీక్వెన్సీని వచ్చిన దానిలోంచి తీసివేసి, మిగిలిన దాన్ని కిందికి వదులుతుంది. 11,000 మెగాహెర్ట్జ్ చానల్ వస్తే 9,750 తీసేసి 1,250 గా పంపుతుంది. ఇలా కేబుల్‌లో వాడుకునే దారి 950 నుంచి 2,150 వరకు, 1,200 మెగాహెర్ట్జ్ మాత్రమే.

4,100 సరుకు 1,200 దారిలో పట్టదు. అందుకే ఆకాశాన్ని నాలుగు పావులు చేశారు: కింది పట్టీలో నిలువు, కింది పట్టీలో అడ్డం, పై పట్టీలో నిలువు, పై పట్టీలో అడ్డం. కింది పట్టీకి 9,750 తీసివేత, 11,700 దాటాక పై పట్టీకి 10,600 తీసివేత. ఏ క్షణంలోనైనా ఒక కేబుల్‌లో ఉండేది ఒక పావు. ఏ పావు కావాలో బాక్సు చెప్పాలి, ఎల్‌ఎన్‌బి వినాలి.

చెప్పే పద్ధతిలో పొదుపు ముచ్చటేస్తుంది. ఎల్‌ఎన్‌బికి కరెంటు ఎలాగూ బాక్సు నుంచే, ఈ కేబుల్ మీదే వెళుతుంది. ఆ కరెంటును 13 వోల్టుల దగ్గర ఉంచితే ‘నిలువు’ అని అర్థం, 18 కి పెంచితే ‘అడ్డం’. దాని మీద సెకనుకు 22 వేల సార్లు ఊగే చిన్న అల, ఎత్తు అర వోల్టు పైచిలుకు, కలిపితే ‘పై పట్టీ’. అల లేకపోతే ‘కింది పట్టీ’. రిమోట్ మీద చానల్ మార్చిన ప్రతిసారీ బాక్సు ఈ రెండు మాటల్లో అవసరమైనది మేడ మీదికి పంపుతుంది. ఇదంతా ఐరోపాలో కుదిరిన ఏర్పాటు. లక్సెంబర్గ్ సంస్థ ఎస్‌ఈఎస్ 1988 డిసెంబరులో ఆస్ట్రా-1ఏ ఉపగ్రహాన్ని పంపినప్పుడు వాడిన పట్టీ ఇరుకైనది, పోలరైజేషన్ మార్చుకుంటే చాలేది. 1990ల మధ్యలో డిజిటల్ చానళ్ల కోసం 11.7 పైన కూడా తలుపులు తీశారు. అప్పటికే లక్షల ఇళ్ల గోడల్లో కేబుల్ ఒక్కటే ఉంది. పగలగొట్టి ఇంకొకటి వేయించమంటే ఎవరు వింటారు? ఉన్న తీగ మీదే ఇంకో ఆజ్ఞ ఎక్కించారు. మన దేశంలో ప్రైవేటు డీటీహెచ్ 2003 లోనూ, దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ 2004 లోనూ మొదలయ్యే నాటికి ఈ పద్ధతి పండి సిద్ధంగా ఉంది.

ఇప్పుడు హాల్లో సీరియల్ సంగతి తేలిక. సీరియల్ వచ్చే చానల్ నిలువులో ఉంది, హాలు బాక్సు 13 వోల్టులు పంపుతోంది. క్రికెట్ అడ్డంలో ఉంది, పడగ్గది బాక్సు 18 పంపింది. స్ప్లిట్టర్ లోపల రెండు వోల్టేజీలూ డయోడ్ల గుండా ఒకే తీగలో కలుస్తాయి. డయోడ్లు కలిసిన చోట ఎక్కువ వోల్టేజీదే పైచేయి. ఎల్‌ఎన్‌బికి 18 వినబడింది, అడ్డానికి తిరిగింది, నిలువు చానళ్లన్నీ కేబుల్‌లోంచి మాయమయ్యాయి. ఒకే ఆటో ఎక్కిన ఇద్దరిలో ఒకరు అమీర్‌పేట అని, ఒకరు ఎల్బీనగర్ అని అరిస్తే గట్టిగా అరిచినవాడి ఇంటికే బండి పోయినట్టు. బూస్టర్ ఈ గొడవ తీర్చలేదు. అది కేబుల్‌లో ఉన్నదాన్ని పెంచుతుంది, లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

పైగా బూస్టర్ సిగ్నల్‌తో పాటు దానికి అంటిన రొదనూ అంతే పెంచుతుంది. బాక్సు మెనూలో ‘స్ట్రెంత్’, ‘క్వాలిటీ’ అని రెండు గీతలు కనబడతాయి కదా. బొమ్మ నిలకడ రెండో దాని చేతిలో ఉంది. ఆ క్వాలిటీ డిష్ తిప్పిన కోణంలో, ఎల్‌ఎన్‌బి మొదటి ట్రాన్సిస్టర్‌లో దాదాపుగా తేలిపోతుంది. బూస్టర్ పెట్టాక స్ట్రెంత్ గీత 60 నుంచి 90 కి ఎగబాకడం చూసి మనం సంతోషిస్తాం. క్వాలిటీ గీత ఉన్నచోటే ఉంటుంది. చాలా పొడవైన కేబుల్ ఉన్నచోట తప్ప ఇళ్లలో బూస్టర్ దండగమారి ఖర్చు.

‘మా తమ్ముడి ఇంట్లో స్ప్లిట్టర్ పెట్టి మూడేళ్లయింది, ఏ గొడవా లేదే’ అనేవాళ్లూ ఉంటారు. అబద్ధం కాదు. ఆ కంపెనీ చానళ్లన్నీ, లేదా ఆ ఇంట్లో చూసే చానళ్లన్నీ, ఒకే పావులో ఉంటే బాక్సులన్నీ ఒకే ఆజ్ఞ ఇస్తాయి. అప్పుడు స్ప్లిట్టర్ చక్కగా పనిచేస్తుంది. ఇంకో చిక్కు ఉంది. కొన్ని స్ప్లిట్టర్లలో కరెంటు ఒక్క మూతి గుండానే పైకి వెళుతుంది. ఆ మూతికి తగిలించిన బాక్సు యజమాని, రెండోది దాసుడు. యజమాని బాక్సు ప్లగ్గు తీశారంటే రెండో గదిలో టీవీ కూడా పోతుంది. రెండు మూతుల్లోనూ కరెంటు దారి లేని రకం, అంటే కేబుల్ టీవీ కోసం చేసినది, పెట్టారా, ఎల్‌ఎన్‌బి పస్తే. ఎవరికీ బొమ్మ రాదు.

అసలు పంచుకోవచ్చన్న నమ్మకం మనకు ఎక్కడి నుంచి వచ్చింది? అనుభవం నుంచే. కప్పు మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నా రోజుల్లో దాన్ని రెండు టీవీలకు కలిపితే రెండింటిలోనూ బొమ్మ వచ్చేది. కేబుల్ ఆపరేటరు వైరు తెచ్చినప్పుడూ అంతే. అక్కడ చానళ్లన్నీ ఒక్కసారే ఒకే తీగలో దిగుతాయి, టీవీ తనకు కావలసింది ఏరుకుంటుంది, పైకి చెప్పాల్సిన మాటేమీ లేదు. అంతకు ముందరి తరానికైతే పంపకమన్న ప్రశ్నే లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సాగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు నేరుగా ప్రసారాలు అందాయి. కోళ్ల గూటికి వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నా, దానికొక టీవీ, దాని ముందు ఊరు ఊరంతా. ఉపగ్రహ ప్రసారాల ఊహను 1945 లోనే కాగితం మీద పెట్టిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కొలంబోలోని ఇంట్లో ఇస్రో ఇంజనీర్లు ఆ ప్రయోగ కాలంలోనే ఒక యాంటెన్నా బిగించి వచ్చారు.

సరే, ఇప్పుడు నాలుగు గదుల్లో నాలుగు టీవీలు కావాలి. బాక్సు ఒక్కటే ఉంచి దాని బొమ్మను నాలుగు టీవీలకూ పంపే పద్ధతి ఉంది గానీ, అందరూ ఒకే చానల్ చూడాలి. అది పంపకం అనిపించుకోదు. ఎవరి చానల్ వాళ్లదిగా చూడాలంటే నాకు తెలిసి మూడు దార్లు గట్టివి.

మామూలు ఇంటికి అన్నిటికన్నా మంచిది నాలుగు మూతుల క్వాడ్ ఎల్‌ఎన్‌బి. లోపల నాలుగు పావులూ ఎప్పుడూ తయారుగా ఉంటాయి, ఒక్కో మూతి దగ్గర ఒక్కో చిన్న స్విచ్చు. ఏ మూతికి ఏ ఆజ్ఞ వస్తే ఆ పావు అటు వెళుతుంది, పక్క మూతితో పనిలేదు. రెండు టీవీలకైతే రెండు మూతులది చాలు. చెల్లించాల్సిన మూల్యం ఒక్కటే: మేడ మీద నుంచి ప్రతి బాక్సుకూ విడి కేబుల్ దిగాలి. కొత్తిల్లు కట్టేవాళ్లకు ఇది అసలు ఇబ్బంది కాదు, స్లాబ్ వేసే ముందు పైపులు పరిచేటప్పుడు చెప్పగలిగితే. మన ఎలక్ట్రీషియన్లకు ప్లగ్ పాయింట్లు లూప్ చేసుకుంటూ పోవడం అలవాటు: హాలు బోర్డు నుంచి పడగ్గది బోర్డు, అక్కడి నుంచి పక్క గది. టీవీ పాయింట్లనూ అలాగే గొలుసు కడతారు. కరెంటుకు గొలుసు సరిపోతుంది, డిష్‌కు సరిపోదు. ప్రతి గది పైపూ మేడ మెట్ల దగ్గర ఒకే చోటికి రావాలని ముందే గట్టిగా చెప్పాలి, కరెంటు వైర్లు ఉన్న పైపులో టీవీ కేబుల్ దూర్చవద్దనీ చెప్పాలి.

ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇరవై డిష్షులు పెట్టే బదులు ఒకే డిష్, ఒక మల్టీస్విచ్ పెట్టొచ్చు. ఇక్కడ వాడే ఎల్‌ఎన్‌బి పేరు క్వాట్రో. దానికీ నాలుగు మూతులే, చూడ్డానికీ క్వాడ్ లాగే ఉంటుంది, షాపులో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు. పనితీరు మాత్రం పూర్తిగా వేరు. క్వాట్రో ఆజ్ఞలు వినదు, ఒక్కో మూతిలో ఒక్కో పావు స్థిరంగా పోస్తుంది. నాలుగు పావులూ మల్టీస్విచ్‌కు చేరితే, ఇళ్ల నుంచి వచ్చే ఆజ్ఞలు వినే పని అది చూసుకుంటుంది. మల్టీస్విచ్ మీద 5×16 అని రాసి ఉంటే నాలుగు పావులు, ఐదోది మామూలు టీవీ యాంటెన్నాకు, బయటికి పదహారు బాక్సులకు అని అర్థం. క్వాట్రోను నేరుగా బాక్సులకు కలిపితే ప్రతి గదిలోనూ ఆకాశంలో పావు వంతు మాత్రమే కనబడుతుంది, ఎంత వెతికినా మిగతా చానళ్లు దొరకవు.

పాత ఇల్లు, గోడలో ఒకే కేబుల్, పగలగొట్టే ప్రసక్తే లేదు. దీని కోసం పుట్టినదే యూనికేబుల్, ఐరోపా ప్రమాణంగా 2007 లో స్థిరపడింది. ఇందులో స్ప్లిట్టర్ మళ్లీ గౌరవంగా తిరిగి వస్తుంది. కేబుల్ దారిని పావులకు కాకుండా బాక్సులకు పంచుతారు: హాలుకు 1,210 మెగాహెర్ట్జ్, పెద్ద పడగ్గదికి 1,420, పిల్లల గదికి 1,680, మేడ గదికి 2,040. హాలు బాక్సు ఇప్పుడు ‘నాకు అడ్డం ఇవ్వు’ అనదు. ‘ఫలానా పట్టీలో, ఫలానా పోలరైజేషన్‌లో, ఫలానా ట్రాన్స్‌పాండర్‌ను తీసుకొచ్చి నా 1,210 లో పెట్టు’ అని డిజిటల్ సందేశం పంపుతుంది. ఎల్‌ఎన్‌బి అలాగే చేస్తుంది. నాలుగు గదుల కోరికలు ఒకే తీగలో పక్కపక్కనే దిగుతాయి. మొదటి ప్రమాణంలో ఎనిమిది స్థానాల వరకు, తర్వాత వచ్చిన రెండో దానిలో 32 వరకు ఏర్పాటు ఉంది. వాడాలంటే బాక్సుకు, ఎల్‌ఎన్‌బికి రెండింటికీ ఈ భాష రావాలి. కొనే ముందు కంపెనీని అడిగి తీరాలి.

యూనికేబుల్‌లో ఆజ్ఞ పంపే ముందు బాక్సు వోల్టేజీని 18 కి లేపి, చెప్పాల్సింది చెప్పి, వెంటనే 13 కి దించాలి. రెండు బాక్సులు ఒకేసారి నోరు తెరిస్తే రెండు సందేశాలూ పాడవుతాయి, కాసేపాగి మళ్లీ చెబుతాయి. ఇంతవరకు బాగుంది. ఏదో ఒక బాక్సు చెడిపోయి 18 దగ్గరే బిగుసుకుపోయిందనుకోండి, మిగతా గదుల నోళ్లన్నీ మూతపడతాయి. చూస్తున్న చానల్ వస్తూనే ఉంటుంది, మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు. మేడ ఎక్కి ఎల్‌ఎన్‌బి మార్చే ముందు ఒక్కో బాక్సు కేబుల్ విప్పుతూ చూడటం మేలు.

ఇంతకన్నా కొత్త పద్ధతులున్నాయి. నాలుగు పావులనూ కాంతిగా మార్చి గాజు తీగలో పంపి కట్టడమంతా పంచేవి, సిగ్నల్‌ను ఇంటర్నెట్ పొట్లాలుగా మార్చి ఇంట్లోని నెట్‌వర్క్‌లోకి వదిలేవి. హోటళ్లకు, పెద్ద గేటెడ్ కాలనీలకు బాగుంటాయి. మన నాలుగు గదులకు అవి ఎక్కువ.

కేబుల్ గురించి మాత్రం కాస్త ఆగాలి, మెకానిక్‌ను ఏడిపించే సగం జబ్బులు అక్కడే పుడతాయి. ఆర్‌జీ-6 మధ్యలో మెరిసే తీగ చాలా రకాల్లో పూర్తి రాగి కాదు, ఉక్కు తీగ మీద రాగి పూత. మోసమేనా? సిగ్నల్ మేరకు కాదు. గిగాహెర్ట్జ్ స్థాయిలో విద్యుత్తు లోహం లోపలికి దిగదు, పైపొరలో రెండు మైక్రాన్ల మందంలోనే ప్రవహిస్తుంది. కింద ఉక్కు ఉన్నా, బంగారం ఉన్నా దానికి తెలియదు. ఇదే తీగ మీద పైకి వెళ్లే 13, 18 వోల్టుల కరెంటు మాత్రం ఊగేది కాదు, నిలకడైనది. అది తీగ లోపలంతా పరుచుకుని వెళుతుంది, ఉక్కు దానికి రాగి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అడ్డంకి. పొడవాటి నాసిరకం కేబుల్, దానికి తోడు వానకు తుప్పు పట్టిన రెండు జాయింట్లు ఉంటే బాక్సు దగ్గర 18 గా బయలుదేరినది ఎల్‌ఎన్‌బి చేరేసరికి 15 దిగువకు పడిపోవచ్చు. ఎల్‌ఎన్‌బి దాన్ని ‘నిలువు’ అనే అర్థం చేసుకుంటుంది. నిలువు చానళ్లన్నీ అద్దంలా వస్తూ అడ్డం చానళ్లు ఒక్కటీ రాకపోతే డిష్ తిప్పకండి. తిప్పితే బాగున్న సగమూ పోతుంది. మేడ మీది కనెక్టర్ విప్పి చూడండి.

విప్పిన కనెక్టర్‌లో చూడాల్సింది రెండు. ఎఫ్ కనెక్టర్‌కు విడిగా పిన్ను ఉండదు, కేబుల్ మధ్య తీగే పిన్ను. దాని చుట్టూ తెల్లటి నురగ ప్లాస్టిక్, దాని మీద అల్యూమినియం రేకు, ఆపైన సన్న తీగల జాలీ. ఆ జాలీలోని వెంట్రుకంత పోగు ఒకటి వంగి మధ్య తీగకు తగిలితే చాలు, షార్ట్. రెండోది, మధ్య తీగ మీద ఆకుపచ్చ లేదా నల్ల మచ్చ. అది నీరు దిగిన గుర్తు. ఎల్‌ఎన్‌బి దగ్గర కేబుల్ కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వంపు వదిలితే వాన చినుకు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, కనెక్టర్‌లోకి పాకదు. కేబుల్‌ను మూలల్లో మడత పెట్టి మేకు కొట్టడం ఇంకో పాపం. 75 ఓమ్‌ల లక్షణం మధ్య తీగకూ జాలీకీ మధ్యనున్న దూరం వల్ల వచ్చింది. నొక్కితే ఆ దూరం మారిపోయి, సిగ్నల్ కొంత అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. ఏడు సెంటీమీటర్ల కన్నా బిగువైన వంపు తిప్పకుండా ఉంటే చాలు.

చివరిగా, షాక్ గురించి. డిష్ కేబుల్ విప్పేటప్పుడు కనెక్టర్ ముట్టుకుంటే చేయి జివ్వుమనడం చాలామందికి అనుభవమే. 18 వోల్టులకు అంత సత్తా లేదు. రెండు పిన్నుల ప్లగ్గు ఉన్న బాక్సుల్లో, రొద వడపోయడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ గుండా 230 వోల్టుల మెయిన్స్ నుంచి కొద్దిగా కరెంటు బాక్సు తొడుగు మీదికి కారుతుంది. అక్కడి నుంచి కేబుల్ జాలీకి ఎక్కుతుంది. ఒక బాక్సు నుంచి కారేది మిల్లీఆంపియర్‌లో చిన్న ముక్క. మల్టీస్విచ్‌కు పదహారు బాక్సులు కలిస్తే జాలీలన్నీ ఒకటై పదహారు ముక్కలూ కూడుతాయి. దానితో మనిషి పోడు, కానీ నిచ్చెన మీద నిలబడి డిష్ సర్దేవాడు ఉలిక్కిపడి చేయి వదిలితే పోతాడు. మల్టీస్విచ్ డబ్బా మీద, డిష్ స్తంభం అడుగున ఎర్తు వైరుకు స్క్రూ ఇచ్చేది ఇందుకే. పిడుగుల కాలంలో దాని అవసరం రెట్టింపు. అపార్ట్‌మెంట్ మేడ మీద ఆ స్క్రూకు ఆకుపచ్చ తీగ బిగించి ఉందో లేదో చూసి, లేకపోతే బిగించాకే మిగతా పని మొదలుపెట్టాలి. ఇంట్లో అయితే కేబుల్ మీద చేయి వేసే ముందు నాలుగు గదుల్లోనూ బాక్సుల ప్లగ్గులు ఊడదీయాలి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. స్టాండ్‌బైలో ఉన్న బాక్సు ప్లగ్గు గోడలోనే ఉంటుంది కాబట్టి జాలీ మీదికి కరెంటు కారుతూనే ఉంటుంది.